చిటికెన వేలెత్తిన క్లాసు

చి.ల.సౌ. అమ్మలుకి మీ పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

మీ అమ్మ ఫోన్లో చెప్పిన మాటతో ఇక్కడ నిద్ర కరువైంది. న్యూజెర్సీలో ఏదో హైస్కూలుకి సబ్‌గా, అంటే రాని టీచరు బదులుగా, వెళ్లిన పిల్ల, సాయంత్రం కార్లో కూర్చుని ఏడ్చిందట. ఇక చస్తే వెళ్లనందట. ఇంతకీ జరిగిందేమిటి? హాజరు పిలిస్తే ఒకే కుర్రాడు రెండు పేర్లకి పలికాడు. కెమిస్ట్రీ టీచరు వదిలివెళ్లిన వర్క్‌షీటు పది నిమిషాల్లో ‘అయిపోయింది’. ఫోన్లు లోపల పెట్టమంటే, ‘మా టీచరు చూసుకోనిస్తారు’ అని క్లాసంతా ఒకే గొంతు. ఇదీ సంగతి! హెచ్-4 వీసా మీద మొగుడి వెంట వెళ్లిన వాళ్లలో కొందరికి పని చేసుకునే వీలు 2015లో వచ్చింది. ఆ అనుమతి కాగితం కోసం ఎంత ఎదురుచూశావో ఇంట్లో అందరికీ తెలుసు. ఆ తర్వాత వేలిముద్రలు, కౌంటీ సర్టిఫికెట్టు. ఇన్ని దాటి వచ్చి, మీసం మొలవని పిల్లకాయలకి జడుస్తావా తల్లీ?

నికల్సన్ బేకర్ అని అమెరికాలో పేరున్న నవలా రచయిత. 2014లో మెయిన్ రాష్ట్రంలో 28 రోజులు సబ్‌గా పనిచేసి, ఏ రోజు ఏం జరిగిందో వరసగా రాస్తే 2016లో 700 పేజీలు దాటిన పుస్తకమైంది. అంతటివాణ్ణీ పిల్లలు వదల్లేదు. నిన్నెందుకు వదులుతారు?

ఇలా ఒకరి క్లాసు ఇంకొకరు చూడటాన్ని మన జిల్లా పరిషత్ హైస్కూళ్లలో అడ్జస్ట్‌మెంట్ పీరియడు అంటారు. పిల్లల లెక్కలో అది లీజరు. ఎలక్షన్ డ్యూటీ, ట్రైనింగు, స్పాట్ వాల్యుయేషన్... ఏ మేష్టారు ఎటు పోయినా, అటెండరు అడ్జస్ట్‌మెంట్ పుస్తకం పట్టుకుని స్టాఫ్‌రూం గుమ్మంలో ప్రత్యక్షం. అతన్ని చూడగానే అంతవరకూ కబుర్లాడుతున్న వాళ్లంతా హఠాత్తుగా కాపీలు దిద్దడం మొదలుపెడతారు. తెలుగు పండిట్లకి ఆ అదృష్టం కూడా లేదు. పద్యం ఏ క్లాసులో అయినా చెప్పొచ్చని హెడ్మాస్టర్ల గట్టి నమ్మకం.

పేర్లు మార్చుకోవడం, ఫోన్లు అదంతా ఒక లెక్కలోది కాదు. పెద్దమ్మకి పట్టుకున్న బెంగ వేరు. ఒంటికి వెళ్లొస్తామని అడిగిన పిల్లల్ని ఎలా పంపుతున్నావు?

నవ్వకు. 1991 జనాభా లెక్కలప్పుడు లెక్కల మేష్టారు ఊళ్లో ఇళ్లు లెక్కపెట్టడానికి పోతే, డ్రిల్లు మేష్టారికి తొమ్మిది ‘బి’ పడింది. వెనక బెంచీలోంచి ఒక చిటికెన వేలు లేచింది. ‘పోరా’ అన్నారు. కాసేపటికి ఇంకొకడు: ‘వాడింకా రాలేదు సార్, పిలుచుకొస్తా’. వీణ్ణి పిలుచుకురావడానికి మూడోవాడు. మూడోవాడి కోసం నాలుగోవాడు, ఇలా ఆఖరికి క్లాసు లీడరు. మండలాఫీసు నుంచి సైకిలు మీద వస్తున్న హెడ్మాస్టరుగారికి కాలవగట్టు మీద గోలీలాడుతూ తొమ్మిది ‘బి’ కనిపించింది. లీడరు మాత్రం లేచి నిలబడి ‘గుడాఫ్టర్నూన్ సార్’ అన్నాడట.

క్లాసులో మిగిలింది ఆడపిల్లలే. వాళ్ల క్రమశిక్షణని హెడ్మాస్టరుగారు మర్నాడు ప్రార్థనలో తెగ మెచ్చుకున్నారు. క్రమశిక్షణేంటి, నా మొహం! వెళ్లడానికి చోటేదీ? మగపిల్లలకి కాలవగట్టుంది. ఆడపిల్లలు పొద్దున ఇంట్లో గుక్కెడు తాగి బయల్దేరితే మళ్లీ సాయంత్రం ఇంటికొచ్చాకే మంచినీళ్లు. ఏడాదిలోగా ప్రతి బడిలో ఆడపిల్లలకి వేరే మరుగుదొడ్డి అని ఎర్రకోట మీద నుంచి ప్రధాని చెప్పింది 2014లో. నీళ్లు తాగమని కేరళ బళ్లలో ప్రత్యేకంగా గంట కొట్టడం మొదలైంది 2019లో. ఆ తొమ్మిది ‘బి’ ఆడపిల్లలకి అప్పటికే పెళ్లీడు పిల్లలు.

నువ్వు మాత్రం తక్కువదానివా? పదో క్లాసులో నీళ్లు తాగక, మంటని ఏడుస్తుంటే మీ అమ్మ బార్లీ కాచిపోసేది. ఆ గ్లాసు చూస్తేనే మొహం చిట్లించేదానివి. ఇప్పుడైనా తాగుతున్నావా? సబ్‌కి అవసరమైతే క్లాసు ఎవరు చూస్తారో పొద్దున్నే ఆఫీసులో అడిగి పెట్టుకో. సిగ్గుపడి ఊరుకోకు.

మీ దగ్గర బయటికెళ్లే పిల్లలకిచ్చే హాల్ పాస్ ఉంటుందిగా. ఒకళ్లు వచ్చాకే ఇంకొకళ్లు. పేరు, వెళ్లిన టైము బోర్డు మీద వాళ్ల చేతే రాయించు. పేరు మార్చుకున్నవాడు అక్కడే దొరికిపోతాడు, పక్కవాడు నవ్వకుండా ఉండలేడు కనక. అక్కడి బాత్రూముల్లో ఈ-సిగరెట్లేవో పీలుస్తున్నారని వినికిడి, నిజమే కావచ్చు. అయినా ఆడపిల్ల రెండోసారి అడిగితే ‘ఇందాకేగా వెళ్లావు’ అనకు. కారణం చెప్పమనకు. ఆ పిల్లని రేపు నువ్వు చూడవు, కానీ ఇవాళంతా ఆ క్లాసులోనే కూర్చోవాలి.

వచ్చే వారం మళ్లీ పిలుపొస్తే వెళ్లు. కెమిస్ట్రీకే వెళ్లు. ఆ రెండు పేర్లవాడు ఈసారి మూడో పేరుకి పలుకుతాడేమో చూసి రాయి. అల్లుడికి స్వెట్టరు అల్లడం అయింది, చేతులు కాస్త పొడుగొచ్చాయి, మడుచుకోమను.

ఈ ఉత్తరం మీ అమ్మకి మాత్రం చదివి వినిపించకు. అమెరికా పిల్లకి పెద్దమ్మ ఒంటేలు మీద మూడు పేజీలు రాసిందని తెల్లారేసరికి మన చుట్టాలందరికీ చేరుతుంది.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ