పోటీ పరీక్షల ప్రత్యేకం: చౌడు నేలలకు వేరు శిలీంధ్రాలు, నానో కణాలు

గుజరాత్‌లోని సూరత్ జిల్లాలో, ఖంభాత్ సింధుశాఖ తీరాన ఉన్న ఓల్పాడ్ తాలూకా భూములకు సముద్రపు ఉప్పు తాకిడి ఉండగా, తాపీ నదిపై 1972లో పూర్తయిన ఉకాయ్ జలాశయం, దాని దిగువనున్న కాక్రాపార్ ఆనకట్టల కింద వరి, చెరకు సాగయ్యే నల్లరేగడి నేలల్లో మురుగు పారుదల చాలక భూగర్భజలం పైకి లేచి లవణాలు పేరుకున్నాయి. సంతృప్త మట్టిసారం విద్యుద్వాహకత మీటరుకు 4 డెసీసీమెన్‌లు దాటి, ఉదజని సూచిక 8.5 లోపు ఉన్న నేలను పాలచౌడు అంటారు.

ఇలాంటి నేలల్లో పంటకు ఆసరాగా, ఆర్బస్క్యులార్ మైకోరైజా అనే శిలీంధ్రాలు వేరు కణాల్లోకి చొచ్చుకుపోయి చెట్టు కొమ్మల్లా చీలి, మొక్క నుంచి చక్కెరలు, కొవ్వులు తీసుకుంటూ, బదులుగా భాస్వరం, నీరు అందిస్తూ, ఆకుల్లో సోడియం తగ్గి పొటాషియం నిలిచేలా తోడ్పడతాయి. ఆవాల కుటుంబపు మొక్కలతో ఇవి సాధారణంగా జతకట్టవు. అభ్యర్థులు దీన్ని తప్పక గుర్తుంచుకోవాలి.

సాధారణంగా 1–100 నానోమీటర్ల పరిమాణంలో ఉండే నానో కణాల్లో జింక్ ఆక్సైడ్, లవణ ఒత్తిడి వల్ల పుట్టే హానికర ఆక్సిజన్ రూపాలను అణచే ఎంజైములకు అవసరమైన జింక్‌ను అందిస్తుంది. సిలికా మొక్క కణ కవచాలను దృఢపరుస్తుంది. అయితే మోతాదు మించితే జింక్ ఆక్సైడ్ కణాలు ఆ శిలీంధ్రాలకే హాని చేస్తాయి. పైగా శిలీంధ్రాలు, నానో కణాలు రెండూ మొక్క సహనాన్ని పెంచేవే తప్ప నేలలోని ఉప్పును తొలగించలేవు కనుక, భూగర్భ మురుగు గొట్టాలు వేసి, మంచినీటితో లవణాలను కడగడం తప్పనిసరి.