కట్టిన నావయందును తెప్పోత్సవమే

విజయదశమి నాటి సాయంకాలమున విజయవాడ దుర్గాఘాట్ వద్ద కృష్ణాతీరము జనసంద్రమగును. ఇంద్రకీలాద్రి నుండి శ్రీదుర్గామల్లేశ్వరుల ఉత్సవమూర్తులను మేళతాళములతో ఘాట్‌కు వేంచేపు చేయించి, హంసాకృతిగ అలంకరించిన నావపై నదిలో మూడు మారులు విహరింపజేయుట ఆనవాయితీ. ఇదియే తెప్పోత్సవము.

వైష్ణవులకు ఇది క్రొత్త కాదు. తిరుమలలో ఫాల్గుణ శుద్ధ ఏకాదశి మొదలు పౌర్ణమి వరకు 5 దినములు పుష్కరిణిలో తెప్పోత్సవము జరుగును. మొదటినాడు సీతాలక్ష్మణ సమేతుడై శ్రీరాముడు, రెండవనాడు రుక్మిణీ సమేతుడై శ్రీకృష్ణుడు, తక్కిన 3 దినములు ఉభయనాంచారులతో మలయప్పస్వామి తెప్పపై విహరింతురు. దూరమున నున్న మణిపురమునందు సయితము మైతేయి వైష్ణవులు ఇంఫాల్‌లో విజయగోవిందుని ఆలయము చెంతనున్న అగడ్తలో పడవపందెము నడుపుదురు. ఉసిరికాయల మాలలు సమర్పింతురు. పందెమైనను వారికది దైవకార్యమే.

పుష్కరిణి జలము నిశ్చలము. కృష్ణ అట్లు కాదు. 2020వ సంవత్సరమున ప్రకాశం బ్యారేజి వద్ద వరద ఉద్ధృతముగ నుండుటచే నదీవిహారమును మాని, హంసవాహనమును ఘాట్ చెంతనే నిలిపి పూజలు జరిపిరి. విహారము లేనిచో ఉత్సవము కొరవడినట్లు కాదా యని భక్తులకు శంక కలుగవచ్చును.

దీనికి సమాధానము భాగవత అష్టమస్కంధమునందలి మత్స్యావతార కథలో కలదు. ప్రళయజలధి పొంగివచ్చినపుడు సత్యవ్రతుడు సప్తర్షులతోడను, ఓషధీబీజములతోడను నావనెక్కెను. వాసుకిని త్రాడుగ జేసి ఆ నావను మత్స్యమూర్తి శృంగమునకు బంధించెను. ఆ రాజు తెడ్డు వేయలేదు, దిక్కు వెదకలేదు. ఆ నావకు రక్ష వేగము కాదు, కట్టు. స్వామికి కట్టుబడినంత కాలము అలలు దానినేమియు చేయజాలవయ్యెను. కనుక వరదవేళ ఒడ్డున కట్టిన హంసనావయందును ఉత్సవమునకు లోపము లేదు. భక్తి ప్రదక్షిణముల లెక్కలో లేదు, శరణాగతిలో నున్నది.

ఈ విషయము గృహస్థులకును వర్తించును. 2017 నవంబరు 12న, కార్తికమాసమున, ఇబ్రహీంపట్నం పవిత్రసంగమము చెంత యాత్రికుల పడవ మునిగి 20 మందికి పైగా అసువులు బాసిరి. పుణ్యకాలమనియు పుణ్యతీర్థమనియు తలచి ప్రవాహమును లెక్కసేయకుండుట భక్తి కాదు. పరిమితికి మించి జనమెక్కిన పడవను విడిచి, ఒడ్డుననే దీపము వెలిగించి నమస్కరించినను కృష్ణమ్మ స్వీకరించును. నదిని పూజించువారు నది మాటయు వినవలెను.