వలయాన్ని కొట్టేది కిరణం కాదు

చిరంజీవి మనవరాలికి,

గామా కిరణం సూటిగా వెళ్లి నీళ్లలోని బెంజీన్ వలయాన్ని పగలగొట్టి ఫినాల్‌గా మారుస్తుందని రాశావు. అలా కాదు తల్లీ.

లెక్క వేసి చూడు. లీటరు నీళ్లలో నీరే 55 మోల్‌లు. అందులో బెంజీన్ ఒక మిల్లీమోల్ ఉంటే, ఒక్కో బెంజీన్ అణువుకి 55 వేల నీటి అణువులు. గామా కిరణాలిచ్చే కోబాల్ట్-60 నుంచి వచ్చిన శక్తినంతా దాదాపు నీరే తీసుకుంటుంది. విరిగేదీ నీరే. హైడ్రాక్సిల్ రాడికల్, హైడ్రేటెడ్ ఎలక్ట్రాన్, కాస్త హైడ్రోజన్ పరమాణువు పుడతాయి. నీరు శోషించిన ప్రతి 100 ఎలక్ట్రాన్ వోల్టులకి మొదటి రెండూ దాదాపు 2.7 చొప్పున, మూడోది 0.6.

వలయం మీద పడేది హైడ్రాక్సిల్. అది బెంజీన్ నుంచి హైడ్రోజన్‌ని లాక్కోదు, కార్బన్‌కి అతుక్కుంటుంది. దాంతో ఆరోమాటిక్ స్థిరత్వం పోయి హైడ్రాక్సీసైక్లోహెక్సాడైఈనైల్ రాడికల్ మిగులుతుంది. దాని ఆయుష్షు చాలా తక్కువ. అయినా 313 నానోమీటర్ల దగ్గర కాంతిని శోషిస్తుంది కనుక పల్స్ రేడియోలిసిస్‌లో, అంటే క్షణకాలం వికిరణం తాకించి వెంటనే కాంతితో చూసే పద్ధతిలో, దొరికిపోతుంది. ఈ శాస్త్రంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం ఇదే.

ఆ రాడికల్ తర్వాత ఏమవుతుందన్నది ఆక్సిజన్‌ని బట్టి ఉంటుంది. ఆక్సిజన్ ఉంటే అది కలిసి పెరాక్సిల్ అవుతుంది, అందులోంచి హైడ్రోపెరాక్సిల్ విడిపోతే ఫినాల్ వస్తుంది. లేకపోతే రాడికల్‌లు తమలో తామే తలపడతాయి. కొన్ని జంటలవుతాయి, ఆ జంటల్లోంచి నీరు పోతే బైఫినైల్. ఇంగ్లండులో గాబ్రియేల్ స్టైన్, జోసెఫ్ వైస్ 1940లలోనే బెంజీన్ కరిగిన నీళ్ల మీద ఎక్స్-కిరణాలు పంపి ఈ దారి పట్టారు.

ఎలక్ట్రాన్ సంగతి వేరు. 1962లో హార్ట్, బోగ్ దాని వర్ణపటాన్ని చూపించారు. బెంజీన్‌ని అది దాదాపు పట్టించుకోదు. క్లోరోబెంజీన్‌ నుంచి మాత్రం క్లోరైడ్‌ని విడగొడుతుంది. నైట్రోబెంజీన్‌తో అయితే ఎదురుపడగానే చర్య జరుపుతుంది.

నీ ప్రయోగంలో ద్రావణాన్ని ముందు నైట్రస్ ఆక్సైడ్‌తో సంతృప్తం చెయ్యి. ఎలక్ట్రాన్‌లు హైడ్రాక్సిల్‌గా మారి, దాని దిగుబడి ఇంచుమించు రెట్టింపవుతుంది. మరో సీసాలో టెర్షియరీ బ్యుటనాల్ ఎక్కువగా కలుపు. అది హైడ్రాక్సిల్‌ని మింగేస్తుంది. ఫినాల్ అక్కడ పడిపోతే, దాన్ని చేసింది ఎవరో నీకే తెలుస్తుంది. రెండు సీసాలకీ ఒకే మోతాదు ఇవ్వడం మరిచిపోకు.

మీ తాతయ్య