ఇంటి చదువు – పిల్లల కలివిడితనం



చంటిబిడ్డకు మూడున్నర నెలల టీకా వేయించడానికి వచ్చిన ఒక తల్లి నన్ను ఇలా అడిగింది: "సిస్టరమ్మా, మా పెద్దబాబుకు నాలుగేండ్లు. అక్షరాలు, అంకెలు అన్నీ చెబుతాడు. పిల్లలు కనబడితే మాత్రం నా కొంగు వెనక దాక్కుంటాడు. బడికి పంపకుండా ఇంట్లోనే చదువు చెప్పుకోవచ్చునా?"

ఇంటి చదువును మనమందరం ఒకసారి చూశాము. కరోనా వలన 2020 మార్చిలో బడులు మూతబడ్డాయి. సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ చానళ్ళలో పాఠాలు వచ్చాయి. చిన్న తరగతుల పిల్లలు 2021 సెప్టెంబరు వరకు ఇంట్లోనే ఉన్నారు. పాఠాలు టి.వి. చెప్పింది. కాని తన వంతు వచ్చేదాకా ఆగడం, ఓడినా మళ్ళీ ఆడడం, పోట్లాడి కలిసిపోవడం తోటి పిల్లల దగ్గరే వస్తాయి.

వయసును బట్టి గమనించండి

రెండున్నర ఏండ్లకు బిడ్డ ఇతర పిల్లల పక్కన కూర్చుని ఆడుకుంటుంది. మూడేండ్లకు వారి ఆటలో చేరుతుంది. నాలుగేండ్లకు ఏడ్చేవారిని ఓదారుస్తుంది. ఐదేండ్లకు వంతుల ప్రకారం ఆడుతుంది. కొందరికి కొంచెం ఆలస్యం కావచ్చు.

ఇంట్లో చదువు చెప్పడం తప్పు కాదు. పద్నాలుగేండ్లు నిండినవారు ఓపెన్ స్కూల్ ద్వారా పదో తరగతి పరీక్ష రాయవచ్చు. కాని బిడ్డను ఒంటరిగా పెంచరాదు.

ఏమి చేయాలి?

1. రోజూ ఒక గంట వాడకట్టు పిల్లలతో దాగుడుమూతలు, తొక్కుడుబిళ్ళ ఆడనివ్వండి. దెబ్బలు తగలనంత వరకు వారి తగవులు వారే తీర్చుకుంటారు.
2. మూడు నుండి ఆరేండ్ల పిల్లలను అంగన్‌వాడీకి పంపండి. సండే స్కూలుకు తీసుకురండి.
3. బెదురు ఉంటే ముందు ఒక్క బిడ్డను మీ ఇంటికి పిలిచి ఆడించండి. "మావాడు సిగ్గరి" అని పదిమందిలో అనకండి.
4. రెండేండ్లలోపు బిడ్డకు ఫోను, టి.వి. వద్దు. రెండు నుండి నాలుగేండ్ల వారికి రోజుకు గంట మించరాదు. అన్నం తినిపించేటప్పుడు ఫోను ఇవ్వకండి.

ఎప్పుడు డాక్టరుకు చూపించాలి?

పేరు పెట్టి పిలిచినా పలకకపోయినా, కళ్ళలోకి చూడకపోయినా, వచ్చిన మాటలు పోయినా సిగ్గు అని ఊరుకోవద్దు. పిల్లల డాక్టరుకు చూపించి వినికిడి పరీక్ష కూడా చేయించండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు వచ్చే వైద్య బృందానికి కూడా చూపించవచ్చు. తల్లి పెంపకం మంచిది కాదని ఎవరూ నిందించకండి. ఆ మాటలకు భయపడే కొందరు తల్లులు ఆలస్యంగా వస్తున్నారు.

ఆ తల్లి తన బాబును అంగన్‌వాడీకి పంపింది. మొదటి వారమంతా ఏడ్చాడట. చంటిబిడ్డ తొమ్మిదో నెల టీకాకు వచ్చినప్పుడు ఆ బాబు వరండాలో మరో పిల్లవానికి బంతి దొర్లిస్తూ, "ఇప్పుడు నీ వంతు" అంటున్నాడు.

– నర్సింగ్ సూపరింటెండెంట్