గణాచారము – పసిబిడ్డల పెంపకము

వీరశైవులకు విధింపబడిన పంచాచారములు లింగాచారము, సదాచారము, శివాచారము, గణాచారము, భృత్యాచారము అనునవి. వీనిలో గణాచారమును వివరించునపుడు శివనింద విన్నచోట సహింపరాదను నర్థమునే మనవారు విశేషముగ చెప్పుచుందురు. ఆ యర్థము సరియైనదే. కాని గణమనగా సమూహము. సమూహములోని యొకరికి కలిగిన కష్టమును తక్కినవారు తమదిగా నెంచుట కూడ ఆ మాటలో నిమిడియున్నది. శివనిందను సహింపనివారు మనలో పెక్కురు కలరు. పొరుగింటి బాలింత రాత్రియంతయు నిద్రలేక యేడ్చుచున్నదని తెలిసి సహింపలేనివారు కొందరే. ఈ పాఠమున ఆ రెండవ విషయమునే విచారింతము.

జహీరాబాదు, నారాయణఖేడు, తాండూరు, ఆదోని, రాయదుర్గము ప్రాంతముల మన కుటుంబములలో కాన్పు వచ్చిన యింటికి మేనత్తలు, పిన్నమ్మలు, అవ్వలు పిలువకయే వచ్చుట వాడుక. నీళ్లు కాచుట యొకరి పని. బిడ్డకు నూనె రాచి, కాళ్లపై పరుండబెట్టుకొని స్నానము చేయించుట మరియొకరి పని. బాలింతకు పథ్యము వండుట, పెద్దబిడ్డకు జడవేసి బడికి పంపుట, పొయ్యి యొద్ద కూర్చుండి కబుర్లు చెప్పుట, ఇవన్నియు ఎవరో యొకరు చూచుకొందురు. ఉద్యోగార్థము హైదరాబాదునకో బెంగుళూరునకో పోయి రెండు గదుల యింట కాపురమున్న దంపతుల స్థితి వేరు. పుట్టింటివారు నెలయో రెండు నెలలో యుండి పొలము పనులకు మరలిపోవుదురు. భర్త ఉదయము పోయి రాత్రికి వచ్చును. తల్లియు, బిడ్డయు, నాలుగు గోడలును మిగులును. అప్పుడామె అలసినచో "మేము పదిమందిని పెంచలేదా?" అని పెద్దలు గద్దింతురు. వారు పెంచినమాట నిజమే. అయితే వారి చుట్టును నలుగురుండిరి. నలుగురు చేసిన పనిని ఒక్కతె చేయలేకపోవుట అసమర్థత కాదు.

పాల్కురికి సోమనాథుని బసవపురాణమున బెజ్జమహాదేవి కథ కలదు. అందరికిని తల్లి యున్నది, శివునకు తల్లి లేదుగదా యని ఆమె జాలిపడి, తానే తల్లియై శివుని శిశువుగ భావించి, నీళ్లుపోసి, పాలిచ్చి, లాలించి పెంచెను. ఆమె ముగ్ధభక్తిని పరీక్షింపగోరి శివుడు అంగిటిముల్లు వచ్చినవానివలె పాలు త్రాగుట మానెను. అప్పుడా తల్లి పడిన తల్లడపాటు చదివిన వారికి కన్నులు చెమర్చును. ఈ కథను భక్తి పారవశ్యమునకు నిదర్శనముగ పురాణికులు చెప్పుదురు. ఇల్లాండ్రు వినునపుడు వారికి మరియొకటి కూడ తోచును. బిడ్డ పాలు త్రాగకున్నప్పుడు ఏమి చేయవలెనో తోచక అలమటించుట ఎంత భక్తురాలికైనను తప్పలేదు. బెజ్జమహాదేవికి సాక్షాత్తు శివుడే ప్రత్యక్షమై ధైర్యము చెప్పెను. మన యిండ్ల తల్లులకు ప్రత్యక్షము కావలసినవారు ఇరుగుపొరుగువారే.

ఇందుకు మన ధర్మమున గొప్ప సౌకర్యమొకటి కలదు. జనన, మరణ, రజ, ఉచ్ఛిష్ట, జాతి సూతకములు లింగధారులకు లేవని శరణుల మతము. ఇతరత్ర పురిటిమైల పేరిట బాలింతను వేరుగ నుంచి, ఆ యింట నీరైనను ముట్టని ఆచారములు కలవు. మనకు ఆ అడ్డు లేదు. కాన్పైన నాడే పొరుగింటి తల్లి వచ్చి వంట చేయవచ్చును, అక్కడనే భుజింపవచ్చును. అయినను మన కుటుంబములలో కొన్ని చుట్టుప్రక్కల వారిని చూచి పదునొకండు దినములు పురుడు పాటించుచున్నవి. ఎనిమిది వందల యేండ్ల క్రిందట బసవాది శరణులు త్రోసివేసిన గోడను మనమే తిరిగి కట్టుకొని, లోపల బాలింతను ఒంటరిగ కూర్చుండబెట్టుట యెట్టి విజ్ఞత? బిడ్డకు రోగములు సోకకుండ చేతులు సబ్బుతో కడుగుకొని లోనికి రమ్మనుట వేరు, మైల యని రావలదనుట వేరు.

తోడును సమకూర్చుకొను పని కాన్పునకు ముందే మొదలుకావలెను. ఏడవ నెల వచ్చునప్పటికి దంపతులు ఇద్దరును కూర్చుండి, నడచి రాగల దూరమున నున్న యిండ్లు నాలుగైదు ఎంచుకొనవలెను. బంధుత్వమున్నదా యని కాక, పిలిచినంతనే రాగలరా యని చూడవలెను. అర్ధరాత్రి ఆసుపత్రికి పోవలసివచ్చినచో పెద్దబిడ్డను ఎవరి యింట పరుండబెట్టుదురు? 108 వాహనమును పిలుచునది ఎవరు, ఇంటి తాళము ఎవరియొద్ద నుండును? ఇట్టివి ముందే మాటలాడుకొనవలెను. మనవారికి అడుగుట నామోషీ. తీసుకొనుట తక్కువతనమని మనసున నున్నది.

ఆయ్దక్కి లక్కమ్మ వృత్తాంతమును ఇచ్చట తలచుకొనవలెను. ఆమె భర్త మారయ్య కల్యాణమున రాలిన బియ్యపు గింజలను ఏరుకొని వచ్చుటను కాయకముగ పెట్టుకొనెను. ఒకనాడతడు నిత్యముకంటె ఎక్కువ తేగా, మనకు కావలసినంతయే చాలును, మిగిలినది పోసి రమ్మని లక్కమ్మ మందలించెను. ఈ కథను అందరును ఆశ కూడదని చెప్పుటకే వాడుదురు. అయితే కావలసినంత తీసుకొనుటలో ఆమెకు సిగ్గు లేదనుట కూడ గమనింపదగినది. సాయము అడుగువారికి ఆ కొలతయే కావలెను. "ఏదైన సాయము చేయండి" అన్నచో ఎవరికిని ఏమి చేయవలెనో తెలియదు. "వదినా, సోమవారము, గురువారము మధ్యాహ్నము గంటసేపు బిడ్డను చూడుము, నేను నిద్రపోవుదును" అన్నచో వదినెకు తెలియును, చేయుటకును సులువు.

చూడవచ్చువారు సైతము దాసోహభావమును మరువరాదు. బిడ్డను చూచుటకని నలుగురు వచ్చి, బాలింత చేతనే టీ కాపించుకొని త్రాగి, పాలు చాలుచున్నవా, బిడ్డ చిక్కినాడేమి, మా కోడలు ఇట్లు చేయలేదు అని సలహాలు చెప్పి పోవుట దాసోహము కాదు. ఒక గిన్నెలో జొన్నరొట్టెయు పప్పును తెచ్చి, ఉన్న అంట్లు తోమి, మాటలాడక పోయినను అదియే దాసోహము.

శిశువునకు లింగధారణము చేయుటకు గురువుగాని జంగమస్వామిగాని యింటికి వచ్చిన దినమే యిరుగుపొరుగును తల్లికి పరిచయము చేయుటకు తగిన దినము. ఆ నాడు ఒక జాగ్రత్త వలెను. ఆరు నెలలు నిండువరకు తల్లిపాలు తప్ప నీరైనను, తేనెయైనను బిడ్డ నోట వేయరాదని వైద్యులు చెప్పుచున్నారు. కావున పాదోదకమును తల్లి స్వీకరించుట చాలునని స్వామివారితో ముందుగనే విన్నవించుకొనవలెను. విభూతి సైతము బిడ్డ ముక్కున, కన్నుల పడకుండ నొసట కొలదిగ అంటించిన సరిపోవును.

తోడు మనవారి యిండ్లకే పరిమితము కానక్కరలేదు. అనుభవ మంటపమున కులము అడిగి ఆసనము వేయలేదు. పొరుగున నున్నది ఏ మతస్థురాలైనను, రాగలిగినచో ఆమెయే ఆత్మబంధువు. 1975లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము క్రింద అంగన్‌వాడీ కేంద్రములు గర్భిణులకు, బాలింతలకు, ఆరేండ్లలోపు పిల్లలకు ఆహారమును అందించుచున్నవి. అచ్చటి కార్యకర్తను, ఆశా కార్యకర్తను పేరుతో ఎరిగియుండుట ప్రతి తల్లికి అవసరము. పుట్టినప్పుడు బి.సి.జి., పోలియో చుక్కలు, హెపటైటిస్-బి టీకా వేయింపవలెను. పిదప 6, 10, 14 వారములకు, తరువాత 9 నెలలు నిండినప్పుడు తిరిగి టీకాలు కలవు. ఒకే వాడలో నలుగురు తల్లులు ఒకే దినమున కలసిపోయినచో ఒకరు మరచినను మరియొకరు జ్ఞాపకము చేయుదురు.

భర్త సంగతి చెప్పక తప్పదు. కాయకమనగా వెలుపలి జీతపు పని మాత్రమే యని అతడు తలపరాదు. రాత్రి రెండు గంటలకు బిడ్డను భుజమున వేసికొని తిరుగుట కాయకమే. తాను చేయవలసినదానిని మానుకొని పొరుగువారిని పిలుచుట తోడు కట్టుకొనుట కాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది తల్లి మనస్సు. కాన్పైన తొలి దినములలో ఊరక కన్నీరు వచ్చుట సామాన్యము. అది రెండు వారములు దాటినను తగ్గకున్నను, బిడ్డపై మనసు నిలువకున్నను, తనకుగాని బిడ్డకుగాని హాని చేయవలెనను తలపు వచ్చినను అది వైద్యునికి చూపవలసిన వ్యాధి. హాని తలపు వచ్చినచో రెండు వారములు ఆగరాదు, ఆమెను ఒంటరిగ విడువరాదు, ఆ దినమే ఆసుపత్రికి తీసుకొనిపోవలెను. గాలి సోకినదని, దిష్టి తగిలినదని కాలము గడపుట ప్రాణాపాయము. టెలి మానస్ అను ప్రభుత్వ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. ఈ లక్షణములను ముందుగ కనిపెట్టగలది తరచుగ వచ్చిపోవు పొరుగింటి ఇల్లాలే. బాలింత తానై చెప్పదు.

మఠములు ఈ విషయమున చేయదగినది చాల కలదు. తుమకూరు సిద్ధగంగా మఠమున శ్రీ శివకుమార స్వామివారు 2019లో లింగైక్యము చెందువరకు, కులమత భేదము లేక వేలాది బాలురకు అన్నమును, వసతిని, విద్యను సమకూర్చిరి. ఎందరో తల్లిదండ్రుల బరువును ఒక మఠము మోసెను. అంతటి శక్తి ప్రతి మఠమునకు ఉండదు. కాని శివానుభవ గోష్ఠి జరుగుచోట ఒక మూల చాప పరచి, పసిబిడ్డల తల్లులు పాలిచ్చుకొనుటకు అడ్డముగ ఒక తెర కట్టుట కష్టము కాదు. బిడ్డ యేడ్చినప్పుడు వెనుదిరిగి చూచువారిని పెద్దలు వారించినచో ఆ తల్లి మరుసటి నెల తిరిగి వచ్చును. గోష్ఠి ముగిసిన పిమ్మట ప్రసాదము వడ్డించు వేళ, ఆ నెలలో కాన్పు కానున్న యిండ్లు ఏవి, నగరమునకు క్రొత్తగ వచ్చిన కుటుంబములు ఏవి యని అడిగి, ప్రతి యింటికి ఇద్దరేసి గృహిణులను ఏర్పరచవచ్చును. పసిబిడ్డ యొద్దకు పంపువారు అందరికిని తెలిసినవారై యుండవలెను. తల్లికి నచ్చనివారిని మొగమాటమునకు పంపరాదు. ఆ యిద్దరి పేర్లును ఫోను సంఖ్యలును పెద్ద అక్షరములతో కాగితమున వ్రాసి, బాలింత పడకనుండి కనబడునట్లు గోడకు అంటింపవలెను.