ఏడాది కారం, పసుపు: ఇంటి వాటా ముందే తీయండి

మిరప పండించే ఇంట్లో మంచి కారం ఉండాలి గదా! కానీ చాలా ఇళ్లలో జరుగుతున్నది వేరు. ఎర్రగా నిగనిగలాడే కాయంతా మూటకెక్కి మార్కెట్టుకు పోతుంది. గ్రేడింగులో పక్కకు తీసిన తాలుకాయ, మచ్చకాయ, వానకు తడిసి రంగు పోయిన కాయ ఇంటికి మిగులుతుంది. ‘‘ఇంట్లోకే గదా, ఏదైతేనేం’’ అనుకుంటాం. పసుపులోనూ అంతే. కొమ్ములు కడప మార్కెట్ యార్డుకు, ముక్కాచెక్కా మన వంటింటికి.

ఇది పొదుపు కాదు. మచ్చపడిన కాయలో తెల్లగానో, పచ్చగానో, నల్లగానో బూజు ఉంటుంది. ఆ బూజుల్లో కొన్ని ‘అఫ్లాటాక్సిన్’ అనే విషాన్ని తయారు చేస్తాయి. 1960లో ఇంగ్లండులో ఒక్కసారిగా దాదాపు లక్ష టర్కీ కోళ్లు చచ్చిపోయాయి. కారణం వెతికితే వాటికి మేపిన వేరుశనగ పిండిలో ఈ విషం బయటపడింది. చెనిక్కాయ పండించే మన సీమ రైతుకు ఈ బూజు కొత్తది కాదు. అదే బూజు మిరపలోనూ, పసుపులోనూ పడుతుంది. కూరలో ఉడికించినా, నూనెలో వేయించినా ఈ విషం పూర్తిగా పోదు. కొంచెం కొంచెంగా ఏళ్ల తరబడి ఒంట్లోకి పోతే కాలేయం దెబ్బ తింటుంది.

మన దేశంలో మసాలా దినుసుల్లో ఇది కిలోకు 30 మైక్రోగ్రాములు మించకూడదని నిబంధన ఉంది. యూరప్ దేశాల్లో ఎండుమిర్చికి 10 మాత్రమే. దాటితే సరుకు తిప్పి పంపుతారు. అక్కడి వంటింటికి అంత కాపలా ఉంది. మన వంటింటికి కాపలా మనమే. అందుకే పంట ఇంటికి రాగానే ఏడాదికి సరిపడా ఇంటి వాటా ముందే తీసి, దాన్ని శ్రద్ధగా ఆరబెట్టి దాచుకోవాలి.

ఎంత కావాలి?

ముందు లెక్క వేసుకోండి. నెలకు అరకిలో కారం వాడే ఇల్లయితే ఏడాదికి 6 కిలోల పొడి కావాలి. తొడిమ, తరుగు కలుపుకొని 8 కిలోల ఎండుకాయ పక్కన పెడితే చాలు. నెలకు 100 గ్రాముల పసుపు అయితే ఏడాదికి 1,200 గ్రాములు. నూరు కిలోల పచ్చి పసుపుకు సుమారు 20 కిలోల ఎండు పసుపు వస్తుంది కాబట్టి, 6 కిలోల పచ్చి కొమ్ములు సరిపోతాయి. ధనియాలు నెలకు పావుకిలో చొప్పున 3 కిలోలు. ఎకరా, అరెకరా వేసిన రైతుకు కూడా ఇది పెద్ద భారం కాదు. ఈ కొంచెం అమ్మగా వచ్చే డబ్బుతో తర్వాత ప్యాకెట్ కారం ఏడాది పొడవునా కొనగలమా అన్నది ఆలోచించండి.

మిరప ఎలా ఆరబెట్టాలి?

చెట్టు మీద బాగా పండిన కాయనే కోయాలి. మందు కొట్టిన తర్వాత డబ్బా మీద రాసిన గడువు దాటితేనే కోతకు దిగాలి. కోసిన కాయను ఒకటి రెండు రోజులు నీడలో కుప్ప పోస్తే రంగు సమంగా వస్తుంది. తర్వాత శుభ్రమైన పట్ట మీద గానీ, సిమెంటు కళ్లంలో గానీ పలుచగా పరచి, రోజూ తిరగేస్తూ పది, పదిహేను రోజులు ఎండనివ్వాలి. సాయంత్రం కుప్ప చేసి పట్ట కప్పాలి. మంచు పడిన కాయ మళ్లీ మెత్తబడి బూజుకు తావిస్తుంది.

రోడ్డు మీద ఆరబోయడం మానుకోండి. మంగంపేట చుట్టుపక్కల ముగ్గురాయి లారీలు తిరిగే దారులు తెలిసినవే. ఏ రోడ్డయినా దుమ్ము, టైరు మట్టి, పొగ, పశువుల పేడ కాయకు అంటుకోక తప్పదు. ఎండుకాయను కడగలేం గదా!

తేమ 10, 11 శాతానికి దిగితే కాయ నిల్వకు పనికొస్తుంది. మిషను లేకపోయినా తెలుసుకోవచ్చు. చెవి దగ్గర పెట్టి ఊపితే గింజ గలగలమనాలి. తొడిమ దగ్గర మెత్తదనం ఉండకూడదు. బూజు ఒక్కోసారి పైకి కనబడదు. అనుమానం వచ్చిన కాయను తుంచి గింజల దగ్గర చూడండి. కొందరు మూట కట్టేటప్పుడు కాయ చిట్లకుండా నీళ్లు చల్లుతారు. బూజుకు విత్తనం వేసినట్లే అది. ఇంటి కాయకైనా, అమ్మే కాయకైనా ఆ పని వద్దు.

పసుపు సంగతి

మైదుకూరు రకమైనా, మరొకటైనా పద్ధతి ఒకటే. తవ్విన రెండు మూడు రోజుల్లోపే ఉడకబెట్టాలి. తల్లిదుంపలు, కొమ్ములు వేరు చేసి, మట్టి పోయేలా కడగాలి. మంచినీళ్లలోనే ఉడికించాలి. పేడనీళ్లు కలిపే పాత అలవాటు తిండి పసుపుకు పనికిరాదు. ముప్పావు గంట నుంచి గంటలోపు నురుగు పొంగి, పసుపు వాసనతో ఆవిరి లేస్తుంది. పుల్లతో గుచ్చితే సులువుగా దిగాలి. తర్వాత రెండు మూడు అంగుళాల మందాన పరచి పది, పదిహేను రోజులు ఎండబెట్టాలి. కొమ్మును విరిస్తే ఠక్కుమని శబ్దం రావాలి. వంగితే ఇంకా ఎండాలన్న మాట.

ఒక ముఖ్యమైన హెచ్చరిక: విత్తనానికని మందులో ముంచిన పసుపు మిగిలితే ఎట్టి పరిస్థితిలోనూ వంటింటికి తేవద్దు.

ధనియాలు, కరివేపాకు

ధనియాలను ఎర్రటి ఎండలో మాడ్చకుండా, ఒకటి రెండు ఎండలు చూపించి నీడలో ఆరనివ్వాలి. పంటి కింద వేస్తే పటుక్కున పగలాలి. కరివేపాకు కడిగి, గుడ్డ మీద నీరు ఆరనిచ్చి, నీడలోనే ఎండబెడితే పచ్చదనం నిలుస్తుంది. చేత్తో నలిపితే పొడి అయ్యాకనే సీసాకెత్తాలి.

దాచే పద్ధతి

ఎండలో కాగిన సరుకును వేడిగా డబ్బాలో పోస్తే లోపల చెమట పడుతుంది. సాయంత్రం నాలుగింటికి ఇంట్లోకి తెచ్చి, పరచి, చల్లారాక అదే రోజు నింపి మూత బిగించాలి. జాడీ, స్టీలు డబ్బా, లోపల మందపాటి ప్లాస్టిక్ సంచి పెట్టిన గోతం, ఏదైనా సరే. యూరియా సంచులు, మందు డబ్బాలు ఎంత కడిగినా వాడొద్దు. గోతాలను నేల మీద గాక చెక్కల మీద, గోడకు జానెడు ఎడంగా పెట్టాలి.

సరుకును గింజగా, కాయగా, కొమ్ముగానే దాచాలి. పొడి కొడితే వాసనిచ్చే నూనె తొందరగా ఎగిరిపోతుంది. తొడిమలు కూడా దంచే ముందే తీయాలి. కారం రెండు మూడు నెలలకు సరిపడా మాత్రమే కొట్టించుకోండి. మిషనులో వేడెక్కిన పొడిని గుడ్డ మీద చల్లార్చి నింపాలి. వానలు మొదలయ్యే ముందు ఒకసారి, నవంబరు, డిసెంబరు ముసురు తగ్గాక మరోసారి సరుకుకు ఎండ చూపించండి. పుచ్చు, సన్నటి పొడి రాలడం కనబడితే పెంకుపురుగు పడినట్లే. వెంటనే జల్లించి ఎండబెట్టాలి.

పురుగు పడిందని ఇంట్లోని సరుకులో పురుగుమందు పొడి చల్లడం, అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు పెట్టడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. ఆ బిళ్ల నుంచి వచ్చే గ్యాసు అదే గదిలో పడుకున్న మనుషులను చంపుతుంది. శిక్షణ పొందినవారు గోదాముల్లో వాడవలసినది అది.

వంటింట్లో

పొయ్యి పక్క గూట్లో పోపుల డబ్బా పెట్టడం మన అలవాటు. వేడికీ, వెలుతురుకూ కారం రంగు, పసుపు రంగు రెండూ వెలిసిపోతాయి. వారానికి సరిపడా చిన్న డబ్బాలో పెట్టుకొని, మిగతాది చీకటి మూల దాచండి. ఉడికే కుండ పైన డబ్బా వంచి కారం వేస్తే ఆవిరి లోపలికి పోయి గడ్డ కడుతుంది. పొడి చెంచాతో తీసి వేయాలి. పసుపు రంగు, కారం ఘాటు నీళ్లలో కంటే నూనెలో బాగా దిగుతాయి. అందుకని తిరగమాతలో, మాడకుండా, చివర్లో వేస్తే కొంచెంతోనే సరిపోతుంది. ధనియాలు ఆ పూటకు కావలసినన్ని వేయించి దంచితే రుచి వేరు.

బూజు పట్టిన కాయను ఏరి పారేయడానికి మనసొప్పదు. నిజమే, చెమటోడ్చి పండించినది. కానీ సంగటిలోకి ఊరిబిండి నూరేది మన పిల్లలకే. ఈ కోతకు మొదటి మంచి కాయ నుంచే ఇంటి వాటా తీయండి. సందేహాలుంటే మీ ఊరి రైతు సేవా కేంద్రంలో గానీ, రైల్వేకోడూరు దగ్గర అనంతరాజుపేట ఉద్యాన పరిశోధన స్థానంలో గానీ అడిగి తెలుసుకోవచ్చు.