పెరుగుచున్న వ్యాపారము – పనుల నిర్వహణకు సాఫ్ట్‌వేర్ ఎన్నుకొను విధము

హోసూరు యంత్రశాలలు మొదలుకొని షోలాపురము నేతశాలల వరకు పొరుగు రాష్ట్రములందు మన తెలుగువారు అనేకములైన చిన్న పరిశ్రమలను నడుపుచున్నారు. వానిలో కొన్ని ఇద్దరు ముగ్గురితో ఆరంభమై ఇరువది మంది పనివారు గల సంస్థలుగా పెరిగినవి. అట్టి కుటుంబముల బిడ్డలు మన తరగతులలోను కలరు. పై తరగతుల విద్యార్థులకును, వారి పెద్దలకును ఉపకరించునను తలంపుతో ఈ పాఠమును వ్రాయుచున్నాము.

1. పెరుగుదల తెచ్చు చిక్కు

ఐదుగురు పనిచేయు చోట ఎవరి పని ఎంతవరకు వచ్చినదో యజమానికి నోటిలెక్కగా తెలియును. ఇరువది మంది పనిచేయు చోట అట్లు తెలియదు. దీనికి కారణము గణితములోనే కలదు. ఒకరితో నొకరు మాటాడుకొనవలసిన జంటల సంఖ్యను కనుగొనుటకు మనుష్యుల సంఖ్యను దానికంటె ఒకటి తక్కువైన సంఖ్యతో గుణించి, రెంటిచేత భాగింపవలెను. ఐదుగురికి 10 జంటలు, పన్నెండుగురికి 66, ఇరువది మందికి 190. మనుష్యులు నాలుగు రెట్లు పెరిగిన, జంటలు పందొమ్మిది రెట్లు పెరిగినవి!

ఐ.బి.ఎం. సంస్థలో పెద్ద సాఫ్ట్‌వేర్ నిర్మాణమును నడిపించిన ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో ప్రకటించిన గ్రంథమున ఈ లెక్కనే చూపి, ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి మరికొందరిని చేర్చిన అది మరింత ఆలస్యమగునని తెలిపెను. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అని మన పెద్దలు ఏనాడో చెప్పియున్నారు. పని స్థితి అందరికి ఒకేచోట కనబడినచో ఈ 190 జంటల సంభాషణలో చాలభాగము అవసరముండదు. పనుల నిర్వహణ సాఫ్ట్‌వేర్ యొక్క ముఖ్య ప్రయోజనమిదియే.

2. సాఫ్ట్‌వేర్ లోని మూడు పాత ఉపాయములు

ఈ సాఫ్ట్‌వేరులు పలు పేర్లతో దొరకుచున్నను, వాని లోపల నున్న ఉపాయములు ముఖ్యముగా మూడు.

మొదటిది గీతల పటము. ఒక్కొక్క పనికి ఒక్కొక్క అడ్డగీత. గీత పొడవు ఆ పనికి పట్టు దినములు. పోలండు దేశీయుడైన అదామియెత్స్కీ 1896లోనే ఇట్టి పటమును కల్పించెను. తరువాత అమెరికా ఇంజనీరు హెన్రీ గాంట్ పేరుమీద ఇది ప్రసిద్ధమైనది.

రెండవది కీలక మార్గము. ఏ పని ముగిసిన పిదప ఏ పని మొదలుకావలెనో గొలుసుగా వ్రాసి, అన్నిటికంటె పొడవైన గొలుసును కనుగొనుట. 1957లో డ్యూపాంట్, రెమింగ్టన్ రాండ్ సంస్థలవారు దీనిని రూపొందించిరి.

మూడవది చీటీల బల్ల. చేయవలసినవి, చేయుచున్నవి, ముగిసినవి అను వరుసలలో పనుల చీటీలు జరుగుచుండును. జపానులోని టొయోటా కర్మాగారములలో తైయిచి ఓనో నెలకొల్పిన కన్‌బాన్ చీటీల పద్ధతి దీనికి మూలము.

ఈ మూడింటిని గ్రహించినవానికి ఏ సాఫ్ట్‌వేరైనను బొత్తిగా క్రొత్త కాదు.

3. ఒక ఉదాహరణము

ఒక యంత్రశాలకు కన్వేయరు అను సరకు మోయు యంత్రము చేయుటకు ఆర్డరు వచ్చినదనుకొందము. నమూనా గీయుటకు 2 దినములు, ఇనుము తెప్పించుటకు 5, కోయుటకు 3, వెల్డింగునకు 4, రంగునకు 2, మోటారు బిగించుటకు 2, పరీక్షకు 1. ఇవి ఒకదాని తరువాత నొకటి జరుగవలెను. మొత్తము 19 దినములు. మోటారు తెప్పించుటకు 12 దినములు పట్టును గాని, నమూనా సిద్ధమైన వెంటనే దానికి ఆర్డరు ఇయ్యవచ్చును. ఆ గొలుసు 2, 12, 2, 1 కలిసి 17 దినములు.

కావున ఇనుము గొలుసే కీలక మార్గము. మోటారు రెండు దినములు ఆలసించినను నష్టము లేదు. మూడు దినములు ఆలసించిన ఆర్డరు ఒక దినము వెనుకబడును. ఇనుమైతే ఒక్క దినము ఆలసించినను ఆర్డరంతయు ఒక దినము వెనుకబడును. ఏ ఆలస్యమును చూచి కంగారు పడవలెనో, దేనిని చూచి పడనక్కరలేదో ఈ లెక్క తెలుపును. ఇట్టి ఆర్డర్లు పది ఒకేసారి నడచునపుడు సాఫ్ట్‌వేర్ అవసరము స్పష్టమగును.

4. ఎన్నుకొనుటకు ముందు అడుగవలసిన ప్రశ్నలు

పని స్వభావమెట్టిది? గడువులు, ఒకదానిపై నొకటి ఆధారపడిన పనులు గలవారికి గీతల పటము కావలెను. మరమ్మతులవలె చిన్న పనులు ఎడతెగక వచ్చువారికి చీటీల బల్ల చాలును. ట్రెల్లో చీటీల బల్లగా 2011లో వెలువడినది. 2002లో వెలువడిన జిరా మొదట సాఫ్ట్‌వేర్ వ్రాయువారి కొరకు ఏర్పడినది. చెన్నైకి చెందిన జోహో సంస్థవారి ప్రాజెక్ట్స్‌లో గీతల పటము కూడ కలదు. గోరుతో పోవుదానికి గొడ్డలి యేల? పెద్ద సాధనమును కొని అందులో పదవవంతు వాడుట వివేకము కాదు.

వెల ఎట్లు పెరుగును? పలు సంస్థలు మనిషికి నెలకింత అని వసూలు చేయును. మనిషికి 300 రూపాయలనుకొనిన, ఆరుగురికి ఏడాదికి 21,600 రూపాయలు. ఇరువది మందికి 72,000. నేటి వెలను గాక, రెండేండ్ల తరువాత ఉండబోవు మనుష్యుల సంఖ్యకు వెల కట్టి చూడవలెను. ఉచితమన్నదానికిని హద్దులుండును. ట్రెల్లో 2024లో తన ఉచిత పద్ధతికి పదిమంది పరిమితి విధించినది.

బయటపడు దారి కలదా? వండర్‌లిస్ట్ అను ప్రసిద్ధ సాధనము 2020 మే నెలలో మూతపడినది. ఆట్లాసియన్ సంస్థ సర్వర్ తరగతి సాఫ్ట్‌వేరులకు 2024 ఫిబ్రవరిలో తోడ్పాటు నిలిపివేసినది. కావున మన పట్టికలను మరల మన కంప్యూటరులోనికి దింపుకొను వీలును మొదటి దినముననే పరీక్షింపవలెను. రెడ్‌మైన్, ఓపెన్‌ప్రాజెక్ట్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరులను సొంత కంప్యూటరుపై నడుపుకొనవచ్చును. అయితే వానిని కాచుకొను నేర్పరి ఒకడుండవలెను.

ఎవరికేమి కనబడును? కూలి లెక్కలు, ఖాతాదారుల ఫోను సంఖ్యలు అందరికి కనబడరాదు. 2023లో మన దేశమున వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టము చేయబడినది. ఆ బాధ్యత చిన్న వ్యాపారి కూడ గుర్తెరుగవలెను.

5. భాష విషయము

ఈ ప్రశ్నను విడిగా చెప్పుచున్నాము; ఏలయన సాధనమును కొనువారు దీనిని తరచు మరచుచుందురు. సాఫ్ట్‌వేరును ఎన్నుకొనువాడు ఆంగ్లము చదివినవాడు. దానితో మెలగవలసినవాడు వెల్డింగు చేయువాడు. మన పట్టణములలోని యంత్రశాలలో తెలుగు, తమిళము, కన్నడము, హిందీ చదువువారు ప్రక్కప్రక్కనే పనిచేయుదురు. తెరపైనున్న పనిపేరు చదువలేనివాడు పని ముగిసినను గుర్తు పెట్టడు. అతని బదులు మేస్త్రీ సాయంకాలము ఊహించి గుర్తులు పెట్టును. అప్పుడు తెరపై కనబడునది పని స్థితి కాదు, మేస్త్రీ అభిప్రాయము. అంతేకాదు, చదువలేనివాడు ఎంత నిపుణుడైనను ఆలోచనలో పాలు లేక, ఆజ్ఞను మోయువాడుగా మిగిలిపోవును.

యూనికోడ్ సంకేతములలో తెలుగు 1991 నుండియు కలదు. కావున ఆదేశములు ఆంగ్లములో నున్నను, పనుల పేర్లను తెలుగులో వ్రాయుటకు సాధారణముగా అడ్డు లేదు. అయినను ముందే పరీక్షింపవలెను: పనిపేరును తెలుగులో వ్రాసి, వెదకి, ముద్రించి, చవుక ఫోనులో తెరచి చూడవలెను. అక్షరములు చెదరినచో ఆ సాధనము మనకు తగదు.

6. పరీక్షించు విధము

ముందుగా రెండు వారములు నల్లబల్లపై సుద్దతో పనుల పట్టిక నడుపుడు. బల్లపై నిలువని క్రమము తెరపైనను నిలువదు. పిదప రెండు సాధనములను మాత్రమే ఏరి, ఒక నిజమైన ఆర్డరును ఒక నెల వానిపై నడుపుడు. ఆంగ్లము అందరికంటె తక్కువ వచ్చిన పనివాని చేతికి ఫోనునిచ్చి చూడుడు. అతడు ఎవరిని అడుగకయే తన పనికి గుర్తు పెట్టగలిగిన, ఆ సాధనమును నిస్సంశయముగ గైకొనవచ్చును.

అభ్యాసము

1. ఇరువది ఐదుగురు పనివారున్న చోట ఎన్ని జంటలేర్పడును?
2. పై ఉదాహరణమున వెల్డింగు రెండు దినములలో ముగిసిన, ఆర్డరు ఎన్ని దినములకు సిద్ధమగును? అప్పుడు మోటారు ఒక దినము ఆలసించిన ఏమగును?
3. మీ ఇంటివారి వృత్తిలోని పది పనుల పేర్లను, అక్కడి పనివారు పలుకు మాటలలోనే వ్రాసి తెండు.